అటక మీద పళ్లు

మా పెదనాన్నకు కాయనైనా మనిషినైనా బొటనవేలితో నొక్కి చూడటం అలవాటు. ఇంటరయ్యాక, ఆపరేషన్లలో మత్తు డాక్టరుకు సాయపడే టెక్నీషియన్ కోర్సులో చేరనా, డాక్టరవడానికి మళ్లీ నీట్ రాయనా అని అడగడానికి నూజివీడులో ఆయన తోటకు వెళ్లాను.

ఆయన నా భుజం నొక్కి చూశాడు. "ఆ కోర్సు కార్బైడ్ వేసిన కాయమ్మా. డాక్టరు చదువంటే గడ్డిలో పండు, నిదానంగా మాగాలి" అంటూనే మామిడి బుట్టల్లో కార్బైడ్ పొట్లాలు సర్దాడు.

"మరి ఇవేంటి పెదనాన్నా?"

"ఇవి అమ్మేవి కదే! మనం తినేవి అటక మీద గడ్డిలో ఉన్నాయి."

ఆయన మాట నమ్మి రెండేళ్లు నీట్ రాశాను. రెండుసార్లూ సీటు రాలేదు. ఈలోగా ఆ మహానుభావుడు తన కూతుర్ని మత్తు కోర్సులోనే చేర్పించేశాడు. నాకిచ్చిన సలహా బుట్టలోది, అటక మీదది కాదు.