గ్లూకోజు డబ్బా

ఆసుపత్రి పరీక్షల గదిలో రక్తం తీసే పెద్దాయన చేయి చాలా తేలిక. సూది దిగిన సంగతి ఆయన దూది అద్దేదాకా తెలియదు. అద్దుతూ ప్రతివారికీ ఒకటే చెబుతాడు: "టీలో చక్కెర ఒక చెంచా తగ్గించి చూడండమ్మా. నేను మానేసి ఆరు నెలలు." అందులో అబద్ధమేమీ లేదు. ఆయనకు తోడుగా ఇంట్లో భార్య కూడా చప్పటి టీయే తాగుతోంది. కానీ గది కాస్త ఖాళీ అవగానే ఆయన తలుపు వైపు వీపు తిప్పి, కళ్లు తిరిగేవాళ్ల కోసం అరలో ఉంచిన గ్లూకోజు డబ్బా తెరుస్తాడు. ఒక చెంచా నాలుక మీద వేసుకుని, కరిగేదాకా కళ్లు మూసుకుంటాడు. ఆనక మీసం తుడుచుకుని, రేపటికి కొత్త డబ్బా తేవాలనుకుంటాడు.

మొన్న పరగడుపున వచ్చిన కుట్టుపని ఆవిడ సూది తీయగానే కుర్చీలో ఒరిగిపోయింది. నర్సు పరుగున వచ్చి డబ్బా బోర్లిస్తే చిటికెడు పొడి కూడా రాలలేదు. "దీనికి చీమలు పట్టాయా, ఏనుగులు పట్టాయా బాబాయ్?" అంటూ ఎదుటి కొట్టుకు పరుగెత్తి, చక్కెర దండిగా వేయించి టీ తెచ్చింది. అంతసేపూ ఆయన ఆవిడ అరిచేతులు రుద్దుతూనే ఉన్నాడు. నాలుగు గుక్కలు దిగాక ఆవిడ కళ్లు తెరిచి ఆయన ముఖం చూసింది.

"నాకేం కాలేదులే అన్నయ్యా. నీకే ముచ్చెమటలు పోశాయి. ఈ మిగిలింది నువ్వు తాగు."

"ఆయన తీపి ముట్టరమ్మా," అంది నర్సు గర్వంగా.

వరుసలో కూర్చున్నవాళ్లంతా ఆయన వైపు చూశారు.

"ఆ డబ్బా నేనే తినేశానమ్మా," అన్నాడాయన, ఆవిడ చేయి వదలకుండా.