వైరు లూజు పిన్ని

మా పిన్ని దృష్టిలో ఈ లోకంలో మనుషులెవరూ తప్పులు చెయ్యరు. వైర్లు లూజవుతాయి, అంతే.

ఆవిడ పని పాటలు రికార్డు చెయ్యడం. ఇంటి కింది వాటాలో రెండు గదుల స్టూడియో, మధ్యలో అద్దం. అద్దానికి ఇవతల పిన్ని, మీటల బల్ల, ఎప్పుడు చూసినా చల్లారిపోయి ఉండే కాఫీ కప్పు. అవతల మైకు, ఆ మైకు ముందు బిక్కుబిక్కుమంటూ ఎవరో ఒకరు. వాళ్ళు శ్రుతి తప్పితే చాలు, పిన్ని నెత్తి కొట్టుకునేది.

"అయ్యో, మళ్ళీ ఈ పాడు వైరే! మీరు బ్రహ్మాండంగా పాడారండీ, నా మెషీన్లోకే ఎక్కలేదు. ఇంకొక్కసారి!"

అని బల్ల కిందికి దూరి, కాసేపు ఏదో గొణిగి, జుట్టు నిండా దుమ్ముతో బయటికొచ్చేది.

స్టూడియో దాటినా అదే వరస. బాబాయి పెళ్ళిరోజు మరిచిపోతే, "పాపం, లోపలెక్కడో వైరు లూజై ఉంటుంది" అని ఊరుకుంది. దానికంటే నాలుగు తిట్టినా బాగుండేదని బాబాయి నెల్లాళ్ళు కుమిలిపోయాడు. పక్కింటాయన కారు తెచ్చి మా గోడకి గుద్దితే, ఆయన నోరు తెరిచేలోపే, "గోడే లూజుగా ఉందండీ, ఎప్పట్నుంచో అనుకుంటున్నా" అంది.

"ఆవిడ మంచిదే గానీ, సామానంతా డొక్కుదండీ" అని పాటలవాళ్ళలో పేరు పడిపోయింది. ట్యూన్లు కట్టుకు బతికే నాకూ అదే నమ్మకం.

"పిన్నీ, కొత్త వైర్లు కొనుక్కోరాదూ?"

"కొన్నానే. అవీ లూజే."

ఇంక పాట సంగతి. నేనొక డాన్సు పాట కట్టాను. పాడాల్సిన పేరున్న గాయని గొంతు పట్టేసిందని ఆఖరి నిమిషంలో తప్పుకుంది. విడుదల రోజు దగ్గరపడింది. నిర్మాత తల పట్టుకు కూర్చుంటే పిన్ని, "మన కోరస్ అక్క చేత పాడిద్దాం" అంది.

కోరస్ అక్క ఇరవై ఏళ్ళుగా అందరి వెనకా నిలబడి "ఓహో", "ఆహా" అంటూ వచ్చిన మనిషి. "నా గొంతు ఊరంతా విన్నారు గానీ, నేనొక్క మాట అనగా ఎవరూ వినలేదు" అని తన మీద తనే జోకు వేసుకునేది. నిర్మాత గడియారం చూసుకుని, "ఒక్క పూట చూద్దాం. కుదరకపోతే ఇంకొకరిని పిలుస్తా" అన్నాడు.

అక్క మొదలుపెట్టింది. పల్లవి చివర పై స్వరం దగ్గర గొంతు పుటుక్కున తెగింది.

"వైరు!" అంటూ పిన్ని బల్ల కిందికి దూరింది.

రెండోసారీ అక్కడే తెగింది. నాలుగోసారీ అంతే. ఆరోసారికి నిర్మాత ఓపిక కూడా తెగింది.

"లూజుగా ఉన్నది వైరా, ఆవిడ గొంతా?" అని అరిచాడు. అద్దం అవతలికి మాట వెళ్ళే మీట నొక్కే ఉంది. అక్క కళ్ళనిండా నీళ్ళు. హెడ్‌ఫోన్స్ తీసి మెల్లిగా పక్కన పెట్టేసింది.

పిన్ని బల్ల కింద నుంచి లేచింది. "సార్, ఇది నావల్ల కాదు. నీలం వైరు కావాలి. స్టేషన్ వెనకాల కొట్లోనే దొరుకుతుంది. నేనెళ్తే నకిలీది అంటగడతారు. మీలాంటి పెద్దమనిషి నిలబడితే వాళ్ళు నోరెత్తరు."

పెద్దమనిషి ఛాతీ విరుచుకుని బయల్దేరాడు.

తలుపు పడగానే పిన్ని, రికార్డింగు నడుస్తోందని చూపే ఎర్రదీపం మీద చేతిరుమాలు కప్పి, అవతలి గదిలోకి నడిచింది.

"అమ్మాయ్, మెషీను కట్టేశా. ఆయన వచ్చేదాకా పనేం లేదు. చెప్పులు విప్పు, డాన్సు చేద్దాం."

"నాకేడుపొస్తుంటే డాన్సేంటండీ?"

"ఏడుస్తూనే చెయ్యి, ఎవరొద్దన్నారు?" అని నాకు సైగ చేసింది. నేను పాట మ్యూజిక్ పెట్టాను.

పిన్ని డాన్సు గురించి ఎంత చెప్పినా తక్కువే. తాళం ఒక దారి, ఆవిడ కాళ్ళు ఇంకో దారి, చేతులు మాత్రం ఆరేసిన బట్టలు తీస్తున్నట్టు. అక్క ముందు మూతి బిగించుకుంది. తర్వాత ఆపుకోలేక తనూ కాలు కదిపింది. కదిపాక పాడకుండా ఉండలేకపోయింది. పై స్వరం దగ్గరికొచ్చేసరికి పిన్ని గిర్రున తిరగబోయి కుర్చీలో కూలబడింది. అక్క ఫక్కున నవ్వింది. ఆ నవ్వుతోనే స్వరం జివ్వున పైకి లేచింది, ఎక్కడా తెగకుండా.

గంటన్నరకి చెమటలు కక్కుతూ నిర్మాత వచ్చాడు. పిన్ని పాట వినిపించింది. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. "చూశారా! వైరు మారిస్తే ఎంత తేడానో!" అన్నాడు. ఆ వైరు ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

పాట ఊరూవాడా మోగిపోయింది. బస్సుల్లో, క్షౌరశాలల్లో, వ్యాయామశాలల్లో జనం ఆ నవ్వు కోసం కాచుకుని, అది రాగానే తామూ నవ్వేవారు. పోస్టర్ మీద మొదటిసారి అక్క బొమ్మ ఒక్కటే పడింది. నిర్మాత పత్రికలవాళ్ళతో, "పరికరాల విషయంలో నేను రాజీపడను" అని చెప్పుకున్నాడు.

కొన్నాళ్ళకి కత్తెర కోసం పిన్ని సొరుగు తెరిచాను. లోపల పదకొండు కొత్త వైర్లు, కట్టిన దారమైనా విప్పకుండా ఉన్నాయి. అనుమానమొచ్చి బల్ల కిందికి దూరి పాత వైరు లాగి చూశాను. నా చెయ్యి నొప్పెట్టింది గానీ అది కదల్లేదు.

"పిన్నీ! ఇది ఎప్పుడూ లూజవలేదు కదూ?"

"అరవకే. నిందలు మోయడానికి వైరుకేం సిగ్గా? మనిషికైతే రెండోసారి గొంతు పెగలదు."

"నాకైనా చెప్పొచ్చుగా?"

"చెప్తే నువ్వు వాళ్ళని జాలిగా చూస్తావు. ఆ చూపు చాలు, గొంతు పట్టెయ్యడానికి."

అప్పుడు నాకు, ఇక్కడే కీబోర్డు వాయించిన నా మొదటి రికార్డింగు గుర్తొచ్చింది. ఉదయం మొదలుపెట్టి సాయంత్రం దాకా పట్టింది.

"పిన్నీ, మరి ఆ రోజు నేను..."

"నువ్వా! నువ్వు బంగారంలా వాయించావే" అంది పిన్ని, కాఫీ కప్పులోకి చూస్తూ.

అబద్ధమాడితే ఆవిడ చెవులు ఎర్రబడతాయని ఇన్నేళ్ళకి ఆ రోజే గమనించాను.