ఆ గోడ ఒద్దె

యలహంక పాత ఊళ్లో నాకు ప్లైవుడ్ అంగడి ఉంది. వడ్రంగి మునినారాయణప్ప ముప్పై ఏళ్లుగా నా దగ్గరే సరుకు కొంటున్నాడు. గోడలకు చెక్క పలకలు బిగించడంలో అతనికి అతనే సాటి. అతను బిగించిన రెండు పలకల మధ్య గోరు కూడా దూరదు. అంత పనివాడు ఇప్పుడు ఏ ఇంటికెళ్లినా డ్రిల్లు కింద పెట్టి, ముందు గోడకు అరచెయ్యి ఆనిస్తాడు. తర్వాత ఇంట్లో పెద్దవాళ్లెవరని అడుగుతాడు. కొత్తవాళ్లకు ఇది చాదస్తంగా కనిపిస్తుంది. నాకు కారణం తెలుసు, అతనే చెప్పాడు. చెబుతున్నంతసేపూ నా మొహం చూడలేదు.

పోయిన వేసవిలో లావణ్య అనే అమ్మాయి పనికి పిలిచింది. ఆమెది మహబూబ్‌నగర్ వైపు. పెళ్లయ్యాక కుందలహళ్ళిలో అద్దెకుండి, ఈమధ్యే యలహంకలోని అత్తగారింటికి చేరింది. భర్త సుధీర్‌కు అత్తిబెలె ఫ్యాక్టరీలో ఉద్యోగం, వారానికోసారి ఇంటికొస్తాడు. అత్త పద్మావతమ్మ బెంగళూరులోనే పుట్టి పెరిగిన తెలుగు మనిషి. మాలాగే మాటకో కన్నడ ముక్క కలుపుతుంది. ఆమె మంచం పక్క గోడ సున్నం పెచ్చులుగా రాలుతోంది. దాన్ని పలకలతో కప్పేసి గదిని అందంగా చేయాలని కోడలి ముచ్చట. ముచ్చటలో తప్పేమీ లేదు.

పలకల వెనక బిగించే సన్నటి చెక్క రీపర్ల కోసం మునినారాయణప్ప గోడ మీద గుర్తులు పెడుతున్నాడు. మంచం మీంచి పద్మావతమ్మ అంది.

"ఆ గోడ ఒద్దె."

లావణ్య విసుక్కుంది. "చూసినవా అన్నా? ఫ్రిజ్ కొందామంటే వద్దే అన్నది. కొత్త పరుపు తెస్తే వద్దే అన్నది. ఇప్పుడు గోడ కూడా వద్దేనట. ఏం చేయాలె ఈమెతోని?"

కన్నడంలో ఒద్దె అంటే తడి. ఆ పిల్లకు తెలియదు పాపం. ఇక్కడే పెరిగిన మునినారాయణప్పకు తెలుసు. ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ చెబితే పని ఆగుతుంది. గోడకు అవతలున్న స్నానాలగదిలో కారుతున్న పైపు కోసం తవ్వాలి, గోడ ఆరడానికి నెల పడుతుంది, సోమవారం కుందలహళ్ళిలో ఇంకో పని ఒప్పుకున్నాడు. ఇదంతా రెప్పపాటులో ఆలోచించుకుని నవ్వాడు.

"పెద్దోళ్లు అట్లే అంటార్లేమ్మా."

కోడలు కూడా నవ్వింది. పద్మావతమ్మ అదే మాట ఇంకోసారి అని ఊరుకుంది.

డ్రిల్లు పెడితే పొడి ఎగరాలి. ఆ గోడలోంచి ముద్దగా వచ్చి మొనకు అంటుకుంది. లావణ్య టీ తెస్తున్న అలికిడి విని, ఆ ముద్దను గబుక్కున ప్యాంటుకు తుడిచేశాడు. నాకు అన్నిటికన్నా ఒళ్లు మండింది ఈ తుడవడం దగ్గరే. నవ్వంటే నోరు జారిందనుకోవచ్చు. ఇది తెలిసి చేసిన పని. సాయంత్రానికి గది తళతళలాడింది. లావణ్య ఫొటోలు తీసి మొగుడికి పంపింది.

వానలు మొదలయ్యాక మళ్లీ ఫోన్ చేసింది. గదిలో ఏదో వాసన, అత్తమ్మకు ఒకటే దగ్గు, ఆయాసం. ఇంట్లో చెమ్మ ఉందా అని డాక్టరు అడిగాడట. అతను వెళ్లి కింది పలక ఊడదీశాడు. వెనక గోడంతా నల్లగా బూజు. రీపరును వేలితో నొక్కితే వేలు దిగబడింది. అక్కడికి జానెడు దూరంలో పద్మావతమ్మ దిండు. నాలుగు నెలలుగా ఆమె అక్కడే తల పెట్టుకుని పడుకుంటోంది.

లావణ్య మొహం పాలిపోయింది. "మాకెవ్వరూ చెప్పలే అన్నా. ఎరుకైతే అత్తమ్మను ఈడ పండబెడ్తుంటినా?"

తప్పంతా వానల మీదికి తోసేయవచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చిందని నా దగ్గర ఒప్పుకున్నాడు. దగ్గలేక రొమ్ము పట్టుకున్న ఆ మనిషిని చూశాక మింగేశాడట.

"అమ్మ చెప్పిందమ్మా. ఒద్దె అంటే తడి. ఆమె వద్దనలేదు. నాకు తెలిసీ నవ్వితిని."

లావణ్య మంచం అంచున కూర్చుని అత్త చెయ్యి పట్టుకుంది. పద్మావతమ్మ మాత్రం మునినారాయణప్ప వైపే చూసింది. దగ్గు తెరిపిచ్చాక మెల్లగా అంది.

"నీకూ అర్థం కాలేదేమోలే అనుకుంటినప్పా, ఇన్నాళ్లూ."

తిట్టినా బాగుండేదంటాడు. ఆరోజే మంచం ముందుగదిలోకి మార్చి, పలకలన్నీ ఊడదీశాడు. పైపు బాగు చేయించారు. గోడ ఆరింది. ఆమె దగ్గు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు.

పోయిన నెల లావణ్య మళ్లీ పిలిచింది, ఇప్పుడు బిగించవచ్చేమో చూడమని. అతను గోడకు అరచెయ్యి ఆనించాడు. పొడిగా ఉంది. అయినా పద్మావతమ్మ దగ్గరికెళ్లి అడిగాడు.

"వేసేదామ్మా?"

ఆమె తల అడ్డంగా ఊపి ఏదో గొణిగింది. లావణ్య కంగారుగా అతని వైపు తిరిగింది.

"ఏమంటున్నది అన్నా? మళ్ల తడి ఉన్నదంటనా?"

"లేదమ్మా," అన్నాడు మునినారాయణప్ప, తల దించుకుని డ్రిల్లు సంచిలో పెట్టుకుంటూ. "వద్దంటా ఉండాది. ఈసారి తెలుగే."