బొగ్గుల కుంపటి తీసుకుపోయిన నెలలు

పాప పుట్టి రెండు వారాలయింది. చలికాలం. ఆ ఉదయం అమ్మ నాకు తలకు పోసి, వెనకగదిలో పడుకోబెట్టింది. తలుపూ కిటికీ మూసి మంచం పక్కన బొగ్గుల కుంపటి పెట్టింది. వేంపల్లెలో మా ఇంట్లో బాలింతలందరికీ అట్లాగే చేశారు. కాసేపటికి నా కణతలు అదరసాగాయి. కడుపులో తిప్పింది.

"తలకాయ పగిలిపోతాండాదమ్మా."

"పచ్చి బాలింతవు, గాలి తగిలింటాది. దుప్పటి కప్పుకో" అంటూ అమ్మ ఇంకొన్ని బొగ్గులు వేసింది.

తర్వాత రోజూ అట్లాగే కుంపటి పెట్టేది. ఎండకు వసారాలో కూర్చుంటే నొప్పి తగ్గేది. గదిలోకి పోతే మళ్లీ మొదలు. దగ్గర్లోని క్లినిక్కులో వేలికి క్లిప్పు పెట్టి, ఆక్సిజన్ బాగానే ఉందని, నిద్ర చాలక తలనొప్పి అని ఐరన్ మాత్రలు రాశారు. బయటికొస్తే నొప్పి తగ్గుతోందని వాళ్లకు చెప్పాలని నాకు తోచలేదు.

తర్వాత ఒక ఉదయం నేను మంచం మీద నుంచి లేవలేదు. అమ్మ వసారాలో కాళ్లు చాపుకొని పాపకు నీళ్లు పోస్తోంది. ఎంత పిలిచినా నేను పలకకపోయేసరికి లోపలికొచ్చి కేకలు పెట్టిందట. మా ఆయన ప్రసాదు నన్ను ఎత్తుకొని కారులో వేసుకొని కడప ఆసుపత్రికి తెచ్చాడు. పాప బయట ఉండబట్టి దక్కింది.

క్యాజువాలిటీలో కూడా క్లిప్పు ఆక్సిజన్ తొంభై ఎనిమిది శాతం, బాగానే ఉన్నట్టు చూపించింది. డ్యూటీ డాక్టరమ్మకు అనుమానం తీరలేదు.

"గదిలో ఏమన్నా కాల్చినారా?"

"చలికి కుంపటి పెట్టినాను తల్లీ" అంది అమ్మ.

రక్తపరీక్షలో కార్బాక్సీ హిమోగ్లోబిన్, అంటే విషవాయువు అంటుకున్న హిమోగ్లోబిన్, చాలా ఎక్కువగా వచ్చింది. డాక్టరమ్మ ప్రసాదుకు విడమరిచి చెప్పింది. "బొగ్గు సరిగా కాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ వస్తాది. వాసన ఉండదు. రక్తంలో హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునే చోటే ఇది పట్టుకుంటాది, వందల రెట్లు గట్టిగా. ఒక పట్టాన వదలదు. కండరాల్లో ఉండే మయోగ్లోబిన్‌కూ అంటుకుంటాది. గుండె కూడా కండరమే కదప్పా. ఈ క్లిప్పుకేమో ఆక్సిజన్‌కూ దీనికీ తేడా తెలీదు."

గుండెకు దెబ్బ తగిలితే పెరిగే ట్రోపోనిన్ రక్తంలో పెరిగిందని ఐసీయూలో ఉంచి, మాస్కుతో హండ్రెడ్ పర్సెంట్ ఆక్సిజన్ పెట్టారు. తెలివి వచ్చింది. నా కాళ్లమీద నేను నడుస్తూ ఇంట్లోకి వచ్చాను. గండం గడిచిందని చర్చిలో ప్రార్థన కూడా చేయించారు.

కొన్ని వారాలకు నా మాట తడబడసాగింది. రవిక హుక్కులు పెట్టుకోవడం చేతకాలేదు. ఒకరోజు అమ్మ పాపను నా ఒళ్లో పెడితే, "ఈ బిడ్డ ఎవరిదమ్మా?" అని అడిగానట. అమ్మ పాపను ఎత్తుకొని ప్రసాదును కేకేసిందట.

కర్నూలులో న్యూరాలజిస్టు ఎమ్మారై చూశాడు. "డిలేడ్ న్యూరలాజికల్ సిండ్రోమ్. గ్యాస్ ఒంట్లోంచి పోయినాక కూడా మెదడుకు తగిలిన దెబ్బ ఇట్లా ఆలస్యంగా బయటపడతాది. శానామందికి తగ్గుతాది. ఓపిక పట్టల్ల."

ఫిజియోథెరపీతో అడుగులు సర్దుకోవడానికి నెలలు పట్టింది. ఆలోగా పాలు ఇంకిపోయాయి. పాప మొదటి నవ్వు, బోర్లపడటం నాకు ఒకరు చెబితే తెలిసినవే. చర్చిలో రూతు అని పేరు పెట్టిననాటి ఫోటోలో పాప నా చేతుల్లోనే ఉంది. ఆ రోజు జ్ఞాపకం మాత్రం నా దగ్గర లేదు.

అమ్మ మళ్లీ పాపకు నీళ్లు పోయలేదు. ఎవరైనా అడిగితే, "నా చేతులు మంచివి కావు" అనేది. వినేదాన్ని. బదులు చెప్పడానికి మాటలు కూడేవి కావు. అవి కూడేసరికి అమ్మ గుండెపోటుతో పోయింది. "నీ తప్పేం లేదమ్మా, నాకు చలి పుట్టకూడదనే కదా పెట్టినావు" అన్న ఒక్క మాట ఆమె చెవిన వేయలేకపోయాను.

ఇప్పుడు రూతు అంగన్‌వాడీకి పోతోంది. నేను మళ్లీ నా టీచరు ఉద్యోగంలో చేరి బడిలో పాఠాలు చెబుతున్నాను. పిల్లల పేర్లు అప్పుడప్పుడు తప్పిపోతుంటాయి.

మీ ఇంట్లో బాలింత ఉంటే మూసిన గదిలో నిప్పు పెట్టనివ్వకండి, కంబళి చాలు. అయితే ఆ మాట మీ పెద్దవాళ్లతో పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పండి. వాళ్లు కుంపటి పెట్టేది ప్రేమతోనే.