తేదీల బాబాయ్ అడిగిన ప్రశ్న

మా ఆఫీసులో జీతాల విభాగం అంటే మెట్ల కింద ఒక గది, ఒక బీరువా, ఒక మనిషి. భవనాల ప్లాన్లు గీసే మా యాభై మందికీ ఆయన తేదీల బాబాయ్. ఎవరు ఏ రోజు చేరారో, ఎవరి సెలవులు ఏ రోజుతో అయిపోయాయో కాగితం చూడకుండా చెప్పేవారు. తన పెళ్ళిరోజు మాత్రం ప్రతి ఏడూ మర్చిపోయేవారు. ఆ రోజు ఆయన భార్య ఫోన్ చేసి పెట్టే చివాట్లు మెట్లెక్కే వాళ్ళందరికీ వినపడేవి.

ఆయనకో పద్ధతి ఉండేది. ఇంటి నుంచి పనిచేసే వాళ్ళకి ప్రతి నెలా ఒకటో తారీఖున ఫోన్ చేసేవారు. ఒకటే ప్రశ్న: "అమ్మాయ్, పోయిన నెలంతా ఎక్కడ కూర్చుని పనిచేశావ్?" చెప్పింది పుస్తకంలో రాసుకునేవారు. మిగతావన్నీ ముందు పెన్సిల్‌తో రాసి, సరిచూసుకున్నాక పెన్నుతో దిద్దేవారు. ఇది మాత్రం నేరుగా పెన్నుతోనే. "మనిషి నోటితో చెప్పాక ఇంకా పెన్సిలెందుకు?" అనేవారు. మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం. అందరికన్నా ఎక్కువ నవ్వింది నేనే.

మా ఆయనకి వేరే దేశంలో ఉద్యోగం వచ్చింది. పాపని తీసుకుని నేనూ వెళ్ళాను. నా ఉద్యోగం వదులుకోబుద్ధి కాలేదు. రెండేళ్ళుగా ఎలాగూ ఇంటి నుంచే గీస్తున్నాను, ఏ కిటికీ పక్కన కూర్చుంటే వాళ్ళకేం అనుకున్నాను. తెలియక కాదు. ఒక దేశంలో నెలల తరబడి ఉండి పనిచేస్తే, జీతం ఎక్కడి నుంచి వచ్చినా అక్కడి పన్నువాళ్ళు కూడా లెక్క అడగొచ్చని, ఒక్కోసారి కంపెనీ మెడకీ చుట్టుకుంటుందని చదివాను. చదివి, ఆ పేజీ మూసేశాను. చెబితే వద్దంటారని భయం.

మొదటి నెల ఫోన్ వచ్చినప్పుడు కొత్త ఇంట్లో ఇంకా విప్పని అట్టపెట్టెల మధ్య నేలమీద కూర్చుని ఉన్నాను. "మా అక్కయ్య వాళ్ళింట్లో ఉండి చేశాను బాబాయ్‌గారూ" అన్నాను. నోరు తడబడుతుందనుకున్నాను. తడబడలేదు. "పాపకి దగ్గు తగ్గిందా?" అని అడిగి పెట్టేశారు. రెండో నెల ఇంకా తేలికైంది. నాలుగో నెలకి, ఆయన ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పేసేదాన్ని. అలా ఎనిమిది నెలలు.

తొమ్మిదో నెలలో వీసా పొడిగించుకోవాల్సి వచ్చింది. మీకు జీతం ఎవరిస్తారు, ఎప్పటి నుంచి ఇక్కడ ఉండి పనిచేస్తున్నారు అని ఆ దరఖాస్తులో గడులున్నాయి. అబద్ధం రాస్తే వెనక్కి పంపేస్తారు. అందుకని పొల్లుపోకుండా నిజమే రాశాను. భయపెట్టే వాళ్ళకి నిజం, నమ్మిన మనిషికి అబద్ధం. నా బతుక్కి ఇదీ నియమం. ఆ దరఖాస్తు పన్నువాళ్ళకీ చేరింది. నెల తిరక్కుండా ఆ దేశపు పన్ను కార్యాలయం మా కంపెనీకి ఉత్తరం రాసింది. మీ ఉద్యోగి ఇక్కడ ఉండి పనిచేస్తోంది, మాకు ఎందుకు తెలియజేయలేదు అని.

బుధవారం నా పాత పక్క సీటావిడ ఫోన్ చేసింది.

"ఏమే, బాస్ బాబాయ్‌ని గదిలోకి పిలిచి గంటసేపు కడిగేశాడు. పుస్తకం తెప్పించాడు. ఎనిమిది నెలలూ మీ అక్కయ్య ఇల్లేనట కదా. 'ఆ అమ్మాయి చెప్పిందా, మీరిద్దరూ అనుకుని రాశారా' అని అడిగితే ఈయనేమన్నారో తెలుసా?"

"ఏమన్నారు?"

"'రాసింది నేను, తప్పు నాది' అన్నారట. నీ పేరే ఎత్తలేదు. తప్పంతా ఆయనదేనని బాస్ నమ్మేశాడు. సోమవారం దాకా చూసి ఆయన్ని తీసేస్తాడట."

నేను ఒక్క ఫోన్ చేస్తే ఆయన బయటపడతారు. చేస్తే నా ఉద్యోగం పోతుంది. "కాస్త ఆగు. పాతికేళ్ళ నుంచి ఉన్న మనిషి, ఆయనకేం కాదులే" అన్నాడు మా ఆయన. ఆ మాట నాకెంత హాయిగా వినిపించిందో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. బుధవారం ఆగాను. గురువారం పాప స్కూల్లో పని ఉందని ఆగాను. శుక్రవారం ఏ సాకూ దొరక్క ఊరికే ఆగాను. శని, ఆదివారాలు ఆఫీసు సెలవు కదా అని సర్దిచెప్పుకున్నాను. సోమవారం పొద్దున్నే బాస్‌కి ఫోన్ చేసి మొత్తం కక్కేశాను.

బాస్ అరిచాడు. కాసేపటికి చల్లబడ్డాడు. నన్ను తీసెయ్యలేదు. నా చేతిలో ఉన్న ఆసుపత్రి ప్లాన్ సగంలో ఉంది, దాన్ని ఇంకొకరు అందుకోలేరు. పన్నుల ఆడిటర్‌తో మాట్లాడి రెండు వైపులా సర్దిస్తానన్నాడు.

"మరి బాబాయ్‌గారు?"

"ఆయన శుక్రవారం సాయంత్రమే రాజీనామా ఇచ్చి వెళ్ళిపోయారు. గురువారం చెప్పి ఏడ్చినా ఆపేవాణ్ణి కదా!" అన్నాడు. "ఇప్పుడు పిలుస్తాను. వస్తారో రారో."

మధ్యాహ్నం దాకా గది అంతా తిరిగి, చివరికి బాబాయ్‌కి ఫోన్ చేశాను. క్షమించమన్నాను. ఏడ్చాను. ఆయన ఏడవనిచ్చారు.

"బాస్ రమ్మన్నాడమ్మా. రానన్నాను."

"నా మీద కోపంతోనా?"

"కోపమేముంది! ఎనిమిది నెలలు అబద్ధం విన్నాను, నాకు తెలియనే లేదు. ఇక ఎవరేం చెప్పినా అనుమానమే వస్తుంది. అనుమానంతో ఆ గదిలో కూర్చోలేను." మళ్ళీ ఆయనే అడిగారు. "నేను నెలనెలా ఎందుకు ఫోన్ చేసేవాణ్ణనుకున్నావ్?"

"దొంగల్ని పట్టుకోడానికి" అన్నాను.

"అయ్యో, కాదమ్మా. నువ్వు చేరకముందు ఇద్దరు నీలాగే వెళ్ళారు. నేను అడిగితే చెప్పారు. ఆడిటర్ దగ్గరికి నేనే తిరిగి, కంపెనీ పేరు అక్కడ నమోదు చేయించి, రెండు చోట్లా పన్ను పడకుండా కాగితాలు పెట్టించాను. బాస్ కూడా ఒప్పుకున్నాడు. అలాంటిదేమైనా ఉంటే ముందే తెలుస్తుందని అడిగేవాణ్ణి."

"దానికి ఎన్నాళ్ళు పట్టింది బాబాయ్‌గారూ?" అని అడిగాను.

"పది రోజుల పని అమ్మా. అంతే" అన్నారు ఆయన.