పక్కలు బోసిగా ఉన్న ఆకురాయి

1959 ఆగస్టులో మచిలీపట్నంలో మురుగుకాల్వల పనులు చూసే ఒక ఆఫీసులో ట్రేసరుగా చేరాను. ఇంజనీర్లు గీసిన ప్లాన్లను ట్రేసింగు గుడ్డ మీదికి నల్లసిరాతో ఎత్తడం ట్రేసరు పని. హోదాలో డ్రాఫ్ట్స్‌మన్‌కు కింది మెట్టు. నాకు చేతిపని వచ్చునని తెలిసి అసిస్టెంట్ ఇంజనీరు గారు నవంబరులో వేరే పని అప్పగించారు.

దివిసీమ చివర ఒక మురుగుకాల్వకు తలుపు కట్టాలి. సముద్రం పోటెత్తినప్పుడు అది దించితే ఉప్పునీరు చేలల్లోకి ఎక్కదు. అందుకు రైతులు కొంత మాగాణి వదులుకోవాలి. ప్లాను చూపిస్తే వాళ్లు నమ్మలేదు. అడుగుకు అర అంగుళం లెక్కన ఇత్తడి నమూనా చేసి, నీళ్లు పోసి చూపించాలని నిర్ణయమైంది. భూమి ఇస్తామని ఆ ఏడాదిలోగా వాళ్ల సంతకాలు పడకపోతే పని మరో కాల్వకు వెళ్లిపోతుంది. వాళ్ల చేలు మళ్లీ ఉప్పుపాలవుతాయి.

నమూనాలో తలుపు జారే గాడి వెడల్పు అంగుళంలో ఎనిమిదో వంతు. లోహాన్ని అరగదీయడానికి బజారులో దొరికిన ఆకురాళ్లలో అన్నిటికంటె సన్న పళ్లున్నది కొన్నాను. పళ్లు ఎంత సన్నమైతే పని అంత నాణ్యమని అప్పటి నా అభిప్రాయం. రంపంతో గాడి కోసి, ఆ ఆకురాయితో గాడి అడుగుభాగం చదును చేశాను. డిసెంబరు మొదటి వారంలో రైతుల ఎదుట రేకుతొట్టిలో తలుపు దించి నీళ్లు పోశాం. గాడి అంచుల వెంబడి నీళ్లు అవతలికి కారాయి.

రైతుల్లో పెద్దవారైన దానియేలు గారు ఒంగి చూశారు.

"చారెడు నీళ్లనే ఆపట్లేదు మీ తలుపు. సముద్రాన్ని ఆపుద్దా అండీ?"

"ఆపుద్దిలే మావయ్యా, సముద్రాన్ని కూడా ఈ తొట్లోనే పోస్తే!" అన్నాడు పక్కనున్న రైతు.

అందరూ నవ్వారు. సంతకాలు పడలేదు. అసిస్టెంట్ ఇంజనీరు గారు వారం గడువు అడిగారు.

మర్నాడు చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలు చేసే వీరాచారి గారి దగ్గరకు నమూనా తీసుకుని వెళ్లాను. ఆయన నమూనా చూడలేదు. ఆకురాయి అడిగి తీసుకుని, అంచు మీద బొటనవేలు ఆనించి చూశారు.

"నాలుగు పక్కలా పళ్లేనండీ దీనికి. మీరు అడుగు రుద్దుతుంటే ఇది రెండు గోడల్నీ తింటా కూర్చుంది. గాడిలో దిగేదానికి పక్కలు బోసిగా ఉండాలి."

అలాంటిది ఎక్కడ దొరుకుతుందని అడిగాను.

"దొరకడమేంటండీ, చేసుకోవాలి. కొత్తదని ముచ్చటపడితే ఎలా?" అంటూ రెండు అంచుల పళ్లనూ సానరాయి మీద అరగదీశారు. ఇత్తడికి వాడేదాన్ని ఇనుముకు తగిలించవద్దని, పళ్లలో పొడి ఇరుక్కోకుండా సుద్ద రాయమని కూడా చెప్పారు. మూడూ డైరీలో రాసుకున్నాను.

కొత్త పలకలు కోసి గాళ్లు మళ్లీ తీశాను. గడువు చివరి రోజున రైతులు వచ్చారు. ఈసారి తొట్టి నిండా నీళ్లు పోశాం. దానియేలు గారు తలుపు వెనక వేలితో తడిమారు. పొడిగా ఉంది.

"సంతకం పెడతాం. అసలు తలుపు దించేరోజు కూడా నాకు కబురు పెట్టండి. ఇలాగే వేలు పెట్టి చూస్తాను" అన్నారు.

ఆ తర్వాత ఉద్యోగంలో చాలా నమూనాలు చేశాను. ఏ ఆకురాయి కొన్నా, అది ఎంత సన్నంగా కోస్తుందో తర్వాతే చూసేవాణ్ణి. ఏ పక్కన కోయకూడదో మొదట చూసేవాణ్ణి.