మోతె బస్సు, రెండు కుర్చీలు

నిప్పంటుకోలేదు, పాము దూరలేదు, కరెంటు కూడా పోలేదు. అయినా సూర్యాపేటలో ఓ నిండు సినిమాహాలును ఇంటర్వెల్ కాకముందే సగం ఖాళీ చేయించిన ఘనుణ్ణి నేను. ఈ సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పుకోలేదు. ఇప్పుడా హాలు పడగొట్టి ఫంక్షన్ హాలు కట్టారు, సాక్షులు చాలామంది పెద్దవాళ్ళైపోయారు, ఇక కొట్టేవాళ్ళు లేరన్న ధైర్యంతో చెబుతున్నాను.

నాకు పెళ్ళై సరిగ్గా ఇరవై రెండు రోజులు. లెక్క అంత కచ్చితంగా ఎందుకు గుర్తుందంటే, ఇరవై మూడో రోజున ఆషాఢం వచ్చి పడింది. మా ఆవిడ సుగుణను పుట్టింటివాళ్ళు మోతె తీసుకుపోయారు. నేను మిర్యాలగూడలో రైస్ మిల్లు సూపర్‌వైజరుగా వడ్ల బస్తాల మధ్య మిగిలాను. ఆ నెలంతా అత్తా అల్లుడూ ఒకే గడప దాటకూడదు, మొహాలు చూసుకోకూడదు. కాబట్టి నేను మోతె పొలిమేర తొక్కకూడదు. మా అత్తమ్మ ఈ విషయంలో మహా పట్టుదల మనిషి.

ఆషాఢం కనిపెట్టిన వాళ్ళకు సినిమాహాళ్ళ సంగతి తెలియదు. ఆ రోజుల్లో కొత్తగా పెళ్ళైనవాళ్ళు ఆ నెలలో కలుసుకునేది మ్యాట్నీల్లోనే. సుగుణ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. "గురువారం జాకెట్టు కుట్టిచ్చుకోను సూర్యాపేట వస్త అని ఇంట్ల చెప్పిన. మీరు ముందుగాల వచ్చి కుర్చీలు పట్టున్రి. ఆరింటి ఆఖరి బస్సు తప్పిందంటే మాత్రం అమ్మ నా కాళ్ళిరగ్గొడ్తది."

మిల్లులో పన్ను నొప్పని చెప్పాను. పెళ్ళికి కుట్టించిన కాకీ రంగు ప్యాంటు వేసుకున్నాను. ఈ ప్యాంటు రంగు గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. అన్నీ బాగానే చేశాను గానీ మా బస్సు టైరు దారిలో పంక్చరైంది. నేను చేరేసరికి మూడింటి ఆట మొదలై పావుగంటైంది. సుగుణ చూసి చూసి, ఆడవాళ్ళ లైన్లో టికెట్టు కొనుక్కుని ఆడవాళ్ళ బెంచీల్లో కూర్చుంది. నేను రెండు కుర్చీల టికెట్లు పట్టుకుని లోపలికి పోతే కూర్చోవడానికి ఒక్క కుర్చీ లేదు. ఉన్న కుర్చీలకన్నా అమ్మిన టికెట్లు ఎక్కువ. వెనక గోడకు ఆనుకుని గంటసేపు నిలబడ్డాను.

చీకట్లో సుగుణ జడలో మల్లెపూలు మాత్రం తెల్లగా కనిపిస్తున్నాయి. ఇరవై రెండు రోజుల కాపురం చేసినవాణ్ణి, పక్కన కూర్చుని పల్లీలు తిందామని మిర్యాలగూడ నుంచి పరుగెత్తుకొచ్చినవాణ్ణి, ఆ పూలను అంత దూరం నుంచి చూస్తూ నిలబడాలంటే నాకు ఏడుపొచ్చింది. సరిగ్గా నా ముందు రెండు కుర్చీల్లో తువ్వాళ్ళు వేసుకున్న ఇద్దరు పెద్దమనుషులు మాట్లాడుకుంటున్నారు.

"సినిమా ఆరింటి లోపల ఖతమైతదా?"

"అయితది తియ్. కాకున్నా మోతె బస్సు యాళ్లకు లేసిపోవాలె. ఇంకో బస్సు లేదు మనకు."

అంతే. ఆ మాటతో నా బుర్ర వెలిగింది. అది వెలగకుండా ఉంటే ఈ కథే లేదు.

ఈ కాలం పిల్లలకు స్లైడు అంటే చెప్పాలి. మసి పూసిన గాజుపలక మీద మేకుతో గీకి మెషీన్లో పెడితే, ఆ అక్షరాలు తెర మీద బొమ్మ పైనే పడేవి. ఎవరికైనా అర్జెంటు కబురుంటే ఆట మధ్యలోనే వేసేవాళ్ళు. నేను మెట్లెక్కి ఆపరేటరు గదికి పోయాను. ఆయన మెషీను పక్కన బీడీ తాగుతున్నాడు. గోడ మీద 'పొగ త్రాగరాదు' స్లైడు మేకుకు వేలాడుతోంది.

"ఏం గావాలె?" అన్నాడు.

"అర్జెంటు స్లైడు. మోతె బస్సు ఇయ్యాల ముందే పోతదట. పాపం, ఊరోళ్ళు పరేషాన్ అయితరు."

ఆయన నా కాకీ ప్యాంటు కేసి చూశాడు. "డిపో మనిషివా?"

"సూస్తె ఎట్ల కనిపిస్తున్న?" అన్నాను. అబద్ధం ఆడలేదు సుమా, ప్రశ్న మాత్రమే అడిగాను.

రెండు నిమిషాల్లో తెర మీద హీరోయిన్ మొహానికి అడ్డంగా అక్షరాలు పడ్డాయి. "మోతె ప్రయాణికులకు గమనిక: ఆరు గంటల ఆఖరి బస్సు నేడు నాలుగున్నరకే బయలుదేరును." అప్పుడు టైము నాలుగూ పదిహేను.

నేను దిగి వచ్చేసరికి ఆ ఇద్దరు పెద్దమనుషులూ లేచారు. ఆనందంతో ముందుకు ఒక అడుగు వేశాను. వాళ్ళ ముందు వరసలో నలుగురు లేచారు. ఆ పక్కన ఆరుగురు. నేల టికెట్టులో ఏకంగా ఓ గుంపు. అప్పటిదాకా నాకు తెలియనిదేమంటే, నాట్లకు ముందు వానలు పడక, చేయడానికి పని లేక, ఆ గురువారం మోతె మొత్తం సినిమాకు వచ్చింది.

ఇంతలో బాల్కనీ నుంచి ఓ గొంతు హాలు అదిరేటట్టు లేచింది. "అరే! నా బస్సును నేను లేకుండ ఎవడు తీస్తున్నడ్రా?"

డ్రైవరు! ఆయన కూడా ఆట చూస్తున్నాడు. ఆట అయ్యాక కాళ్ళీడ్చుకుంటూ పోయి బస్సు తీయడం ఆయనకు రోజూ అలవాటట. తాళంచెవి గాల్లో ఊపుకుంటూ మూడేసి మెట్లు దూకుతూ దిగాడు. డ్రైవరే పరుగెత్తుతుంటే ఇక జనం ఆగుతారా? పిల్లలు ఏడుస్తున్నారు, చెప్పులు తెగుతున్నాయి, ఆట ఆగిపోయి లైట్లు వెలిగాయి.

ఖాళీ అయిన రెండు కుర్చీల్లో ఒకదాంట్లో కూర్చుని, ఇంకోదాని మీద జేబురుమాలు పరిచి, సుగుణ కోసం ఆడవాళ్ళ బెంచీల వైపు చూశాను. మల్లెపూలు లేవు. ఆఖరి బస్సు తప్పితే కాళ్ళిరగ్గొడతారన్న భయం మోతెలో అందరికన్నా ఎక్కువ ఉన్నది ఎవరికి? నా పెళ్ళానికి! అందరికన్నా ముందు లేచి పరుగెత్తింది ఆవిడే.

"సుగుణా! ఆగు! బస్సు పోదు!" అని అరుస్తూ గేటు దగ్గరికి ఉరికాను. తలుపు దగ్గర తొక్కిసలాటలో ఎవరినో గుద్దుకున్నాను. తల ఎత్తి చూస్తే ఎదురుగా మా అత్తమ్మ. ఆమెకు ఒక కాలు గడప లోపల, ఒక కాలు బయట. నాకూ అంతే.

ఆమె పక్కనే సుగుణ, నోరు తెరుచుకుని నిలబడింది. "అమ్మా, నువ్వు కండ్లు కనిపిస్తలేవని దవాఖానకు పోయినవ్ గదనే?"

"నువ్వు జాకెట్టు కుట్టిచ్చుకోను పోతివి గదా?" అంది అత్తమ్మ. తర్వాత నన్ను చూసింది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడే ఆపరేటరు దిగొచ్చాడు. "గాయనే! గా కాకీ ప్యాంటాయనే స్లైడు ఏపిచ్చిండు!"

డ్రైవరు నా చొక్కా పట్టుకున్నాడు. "ఏ ఊరు నీది?"

"మిర్యాలగూడ..."

"మిర్యాలగూడోనికి మోతె బస్సుతోటి ఏం పనిరా?"

న్యాయమైన ప్రశ్నే. జవాబు చెబితే సుగుణ బయటపడుతుంది. ఆషాఢంలో అల్లుడు పెళ్ళాన్ని సినిమాకు పిలిపించుకున్నాడనీ, అత్త ఎదురొచ్చి ఒకే గడపలో నిలబడిందనీ ఊరంతా పండగ చేసుకుంటుంది. దెబ్బలు తినడమే మేలనుకుని నోరు మూసుకున్నాను. అంతలో నా కుర్చీ పెద్దమనుషుల్లో ఒకాయన నన్ను కిందికీ పైకీ చూసి అత్తమ్మ వైపు తిరిగాడు.

"వదినా, గీయన మీ కొత్తల్లుని లెక్క కనిపిస్తున్నడు గదా?"

సుగుణ కళ్ళు మూసుకుంది. అత్తమ్మ కొంగు తీయకుండానే కుండ బద్దలు కొట్టినట్టు చెప్పింది. "నాకు కండ్లు కనిపిస్తలేవనే గద దవాఖానకు వచ్చింది! ఎవరో ఏమో నేనెట్ల జెప్త? మా అల్లుడైతే శానా బుద్ధిమంతుడు. ఆషాఢంల ఇటు దిక్కు రాడు."

"మరి స్లైడు ఎట్ల సదివినవే?" అని సుగుణ నోరు జారింది. అత్తమ్మ కూతురి చేతి మీద ఒక్కటి గిల్లింది.

ఎవడో పిచ్చివాడని డ్రైవరు నన్ను వదిలేశాడు. "నేను లేస్తెనే బస్సు లేస్తది. నడువున్రి లోపలికి" అని జనానికి హామీ ఇచ్చాడు. అయినా ఆ ఇద్దరు పెద్దమనుషులకు నమ్మకం కుదరలేదు. డ్రైవరును కనిపెట్టుకుని ఉండడానికి బాల్కనీ ఎక్కి ఆయనకు చెరో పక్కా కూలబడ్డారు.

అంటే నా రెండు కుర్చీలూ నిజంగానే ఖాళీ అయ్యాయి. జేబురుమాలు కూడా అలాగే ఉంది. అత్తమ్మ దాన్ని తీసి పక్కన పడేసి ఒక కుర్చీలో కూర్చుంది, రెండోదాంట్లో సుగుణను కూర్చోబెట్టింది. నేను వెనక గోడకు ఆనుకుని, నేను సంపాదించిన కుర్చీలను చూస్తూ మిగతా ఆటంతా నిలబడ్డాను. కాళ్ళు పీకుతున్నాయి. అయినా మల్లెపూల వాసన మాత్రం ఇప్పుడు అందుతోంది.

ఇంటర్వెల్ అయ్యాక అత్తమ్మ వెనక్కి తిరగకుండానే పల్లీల పొట్లం ఒకటి సుగుణ చేతిలో పెట్టింది.

"గా నిలబడ్డ పిలగానికియ్యే. ఎవరి అల్లుడో ఏమో, పాపం."

మొన్న కోదాడలో మా మనవరాలు ఫోనులో సీట్లు ఎంచుకుంటూ, "తాతా, మీకూ నానమ్మకూ పక్కపక్కనే తీసిన, సరేనా?" అంది. అంత సులువుగా! నాకు నిజంగా కుళ్ళు పుట్టింది. సుగుణ మాత్రం, "గోడ పక్కన తియ్యి బిడ్డా, మీ తాతకు అలవాటు" అంది.

అందుకని ఈ వయసులో, పెద్దల సాక్షిగా, పల్లీల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. కుర్చీ కోసం ఇక ఎన్నడూ తెర మీద అబద్ధం రాయించను. ఎప్పుడైనా తప్పనిసరై రాయించాల్సి వచ్చినా, మోతె బస్సు అని మాత్రం చచ్చినా రాయించను. మా చుట్టాలెవరూ లేని గరిడేపల్లి బస్సు అని రాయిస్తాను.